మూతి తిప్పిన బండి

మా ఇంటాయన బతికున్నన్ని దినాలు ఆ బండి రెండో చుట్టుకే అందుకునేది. మబ్బుల ఐదు కొట్టంగ నేను వాకిట్ల పెండనీళ్ల సాంపి చల్లుతుంటే ఆయన బండ్ల కూసోని తాళం తిప్పేటోడు. హీటర్ లైటు ఎర్రగ వెలిగి ఆరేదాంక ఆగేటోడు. తర్వాత సెల్ఫు కొడితే కుర్... కుర్... రెండే. భగ్గుమని లేసేది. నాకు చదువు రాదు, సంతకం గీకుత అంతే. గని ఆ రెండు చుట్ల చప్పుడు నాకు నోటికొచ్చు. అది మారిన దినం మొదలు నాకే ఎరుకైంది. ఎరుకైనా ఏం చెయ్యలేకపోయిన.

అది పాత డీజిల్ కారు. ఆయన కిరాయికి తిప్పిన బండి. మాది మెదక్ల ఖిల్లా కింది గల్లీ. గల్లీ అంత వాలు. ఖిల్లా దిక్కు ఎత్తు, బజారు దిక్కు పల్లం. ఆయన ఎంత అలిసిపోయి వచ్చినా బండిని వచ్చిన తీరుగనే ఇంటి ముందర ఆపకపోయేటోడు. గల్లీ కొసదాంక ఎక్కిచ్చుకపోయి, ఆడ మలుపుకొని, మూతి పల్లం దిక్కు పెట్టి తెచ్చి ఆపేటోడు. ముందటి గీరెలకు రెండు గుండ్లు అడ్డం పెట్టేటోడు. గా గుండ్లు కూడ దినాం ఒక్క జాగలనే.

"ఏంది, దినాం దానికి బారాత్ తీస్తున్నవా?" అని ఎకసెక్కమాడేదాన్ని.

"నీకెందుకే? మూతి కిందికుంటే దానికి మంచిగ నిద్ర పడ్తది" అని నవ్వేటోడు.

నేను మల్ల అడగలే. మొగోని బండి, మొగోని షోకు అనుకున్న.

ఆ బండితోని నాకు ఒక్కటే తగాద. పొద్దుగాల అది పోయినంక అది నిలబడ్డ జాగల రూపాయి బిళ్లంత నల్లటి డీజిల్ మరక. దినాం అదే జాగ. దాని మీద ముగ్గు పట్టకపోయేది. బూడిద చల్లి, చీపురుతోని గీకి, ఆయనను నాలుగు తిట్లు తిట్టి, ఆఖరుకు దాన్ని ఇడిసిపెట్టి పక్కపొంటి ముగ్గు ఏసేదాన్ని. రెండు మూడేండ్లు గిదే.

ఆయన వానకాలంల పోయిండు. పగటి పూట అన్నం తిని జర ఒరుగుత అన్న మనిషి మల్ల లేవలే. గా ముచ్చట ఇక్కడ ఎక్కువ చెప్ప.

మా ఇంట్ల ఇంకొకామె ఉన్నది. ఆయన అక్క, నాకు వదినె. శివ్వంపేట దిక్కు ఇచ్చిండ్రు. పిల్లాజెల్లా లేరు. మొగడు పోయినంక తమ్ముని దగ్గరికే వచ్చింది. ఆమెకు రెండు కిడ్నీలు చెడిపోయినయి. వారానికి మూడు దినాలు పట్నం తొవ్వల ఉన్న దవాఖానకు తీస్కపోయి మిషిన్ మీద రక్తం కడిగియ్యాలె. ఆమె పాళి పొద్దుగాల ఏడింటికి. పాళి తప్పితే ఆమె తాగిన నీళ్లు ఎటూ పోవు. ఒంట్లనే నిలుస్తయి. మొదలు కాళ్లల్ల, తర్వాత పొట్టల, ఆఖరుకు ఊపిరిల. బస్సుల పోదామంటే వచ్చేటప్పుడు ఆమెకు కండ్లు తిరుగుతయి, ఎనక సీట్ల ఒరిగి పండుకోవాలె. అందుకే ఆ బండి నడుస్తున్నన్ని దినాలే వదినె. గీ మాట ఇంట్ల అందరికి ఎరుకే, ఎవరం నోటితోని అనకపోతిమి.

దవాఖానల నర్సమ్మ నాకు ఒకటి నేర్పింది. పొద్దుగాల వదినె కాలి ఎముక మీద బొటనవేలుతోని ఒత్తి ఇడిసిపెట్టాలె. గుంట జల్ది నిండితే పరవాలేదు. నిండక అట్లనే ఉంటే నీళ్లు ఎక్కినట్టు. అప్పటి సంది సాంపి కంటే ముందు నేను చేసే పని గదే.

ఆయన దినాలు అయ్యేదాంక వదినెను చుట్టాల బండ్లల్ల తీస్కపోయిండ్రు. దినాలు అయిన తెల్లారి ఆమె గల్మల, గడప మీద కూసోని బండి దిక్కు చూసింది.

"ఓ పిల్లా, బండి మూతి ఎటున్నది?"

"పల్లం దిక్కు, వదినె. ఎప్పటి తీరుగనే."

"పల్లం ఎటు?"

బజారు దిక్కు చెయ్యి చూపిచ్చిన. బజారు దిక్కంటే దక్షిణం.

"మనిషి పోయిన ఇంటి ముందర బండి మూతి దక్షిణం పెడ్తరా? యముని తొవ్వ అది. ఇంకొగలిని ఎక్కిచ్చుకొని పోతది. తిప్పియ్యి."

పక్కింటి భాయిని పిలిచిన. ఆయన లారీ నడిపిన మనిషి. ఇప్పుడు ఇంటిపట్టున ఉంటుండు. మా ఆయనతోని ముప్పై ఏండ్ల దోస్తాన. "అక్కను ఇగ నేనే తీస్కపోత భాబీ, నువ్వు ఫికర్ చెయ్యకు" అని ఆయనంతల ఆయనే అన్నడు. బండి కూడ ఆయనే తిప్పిండు. మూతి ఖిల్లా దిక్కు, ఉత్తరం. గుండ్లు ఎనక గీరెలకు వచ్చినయి.

మరుసటి పొద్దుగాల భాయి సెల్ఫు కొట్టిండు. నేను చీపురు పట్టుకొని నిలబడ్డ. కుర్... కుర్... రెండు అయినయి. మూడు. నాలుగు. ఐదో చుట్టుకు దగ్గి, ఒణికి, లేసింది. ఎనక పొగ గొట్టంలకెల్లి తెల్లటి పొగ బుస్సుమని వచ్చింది. ఆయన ఉండంగ గట్ల తెల్ల పొగ నేనెన్నడు చూడలే.

"కొత్త చెయ్యి కద భాబీ, అలవాటు పడాలె" అన్నడు భాయి.

బండి పోయినంక వాకిలి ఊడ్వబోతే మరక లేదు. కొత్తగ నిలబడ్డ జాగల లేదు, పాత జాగల లేదు. పాతది ఎండి నల్లగ ఒక మచ్చ మిగిలింది. నాకు సంబురమైంది. ఆ దినం వాకిలి నిండ ముగ్గు ఏసిన.

"చూసినవా, దిక్కు మారంగనే శని పోయింది" అన్నది వదినె.

నేను కూడ గట్లనే అనుకున్న. మా ఇద్దరికి బండి చెప్పిన మొదటి మాట గదే. మేము దాన్ని ఉల్టా అర్థం చేసుకున్నం.

ఐదు చుట్లు ఏడైనయి. బతుకమ్మ పండుగ ఎల్లేసరికి తొమ్మిది. చలి మొదలైనంక పన్నెండు. గల్లీల అందరు చలి అన్నరు. డీజిల్ బండి కద, చలికి మొండికేస్తది అన్నరు. నేను కూడ సరే అన్న. గని నా చెవులకు ఎరుకే, ఐదు అయినప్పుడు ఇంక వానలు పడుతున్నయి.

ఇంకో చిత్రం ఏందంటే పొద్దుగాల ఒక్కసారి లేసినంక ఆ బండికి ఏ రోగం లేదు. దవాఖాన కాడ నాలుగు గంటలు ఆపి మల్ల కొడితే మూడో చుట్టుకే లేసేది. ఆడ జాగ సదరంగ, వాలు లేకుంట ఉంటది. తొవ్వల దగ్గకపోయేది, ఆగకపోయేది. మా వాకిట్ల రాత్రంత ఉంటేనే దానికి ఏదో అయితుండె.

భాయి ఊకె కూసునే మనిషి కాదు. గల్లీల ఒకాయన బ్యాటరీ మార్చుమన్నడు. భాయి ఒప్పుకోలే.

"బ్యాటరీ నీరసపడితే చుట్టు మెల్లగైతది భాయ్. విను, మస్తుగ తిరుగుతుంది. తిరుగుతుంది గని అందుకుంటలేదు."

ఒక దినం హీటర్ ప్లగ్గులు ఇప్పిండు. చలికి ఇంజను లోపల వెచ్చబెట్టే పుల్లలు అవి, నాలుగు. ఒక్కొక్కదానికి బ్యాటరీకెల్లి తీగ పెట్టి నాకు చూపిచ్చిండు. నాలుగు కొనలు నిప్పు కణిక లెక్క ఎర్రగైనయి.

"ఇవి కూడ బరాబరే."

తర్వాత డీజిల్ ఫిల్టర్ పట్టిండు. డబ్బ అడుగున మర ఇప్పితే మురికి నీళ్లు, సన్న తుప్పు వచ్చినయి. "మిల్ గయా!" అని ఎగిరిండు. కొత్త ఫిల్టర్ ఏసి, పైన ఉన్న చేతి పంపును బొటనవేలుతోని చాన సేపు ఒత్తి ఒత్తి, సెల్ఫు కొడితే ఒక్క చుట్టుకే లేసింది. వదినె ఇంట్లకెల్లి చేతులు జోడిచ్చింది.

తెల్లారి పద్నాలుగు.

భాయి బానెట్ మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డడు. "డీజిల్ చిమ్మే నోజిళ్లు చెడిపోతే పొద్దంత దగ్గాలె. పంపు చెడిపోతే ఎత్తు ఎక్కొద్దు. పొద్దంత బంగారం లెక్క ఉంటది. రాత్రి ఏమైతుంది భాబీ దీనికి?"

రాత్రి ఏమైతుంది. గా మాట గల్లీకి దొరికింది. ఎదిరింటామె నల్ల కాడ అననే అన్నది, పోయినాయన బండిని పట్టుకొని ఇడుస్తలేడని. నేను బిందె ఆడనే పెట్టి ఆమెను నానా మాటలు అన్న. ఇంటికొచ్చి చూస్తే ఆ మాట నా కంటె ముందే వచ్చి వదినె మంచం మీద కూసున్నది.

"వాడే" అన్నది వదినె. "రావద్దంటుండో, రమ్మంటుండో తెలుస్తలేదు గని వాడే."

"ఊకో వదినె. బండికేమో రోగం, నువ్వేమో దయ్యం అంటవు."

"రోగమైతే ఒక్కగాళ్లకన్న దొరకాలె కద పిల్లా? ఇన్ని ఇప్పిండ్రు, ఇన్ని మార్చిండ్రు. దొరికిందా?"

నేను నీళ్లు కొలిచి గిలాసల పోసి ఆమె చేతుల పెట్టిన.

గా తర్వాత ఒక పొద్దుగాల భాయి సెల్ఫు కొడుతుంటే నేను ఏదో తేనికి ఇంట్లకు పోయిన. వదినె చీర కట్టుకొని, సంచి ఒళ్లె పెట్టుకొని మంచంల కూసోని ఉంది. కండ్లు మూసుకుంది. బొటనవేలు ఒక్కొక్క ఏలు కణుపు మీద జరుగుతుంది. నా తీరుగనే ఆమె కూడ చుట్లు లెక్కపెడుతుంది. నేను చూసినట్టు ఆమెకు చెప్పలే.

చలి ముదిరినంక ఒక దినం బండి లేవనే లేదు.

ఇరవై దాంక లెక్కపెట్టిన. తర్వాత లెక్క తప్పిన. చుట్టు మెల్లగైంది, సాగింది, ఆఖరుకు టక్కుమని ఒక్క చప్పుడు వచ్చి బ్యాటరీ కూడ పోయింది. భాయి గల్లీల మొగోళ్లను లేపిండు. మూతి ఎత్తు దిక్కు ఉండె, ముందుకు నూకరాదు. ఎనకకే ఇడిసి, రివర్స్ గేర్ల లేపుదామని చూసిండ్రు. బండి పల్లంల జారుకుంట జారుకుంట గల్లీ మూల మీదికి పోయి మోరి కాడ ఆగింది. దగ్గు కూడ దగ్గలే. చర్చి గంట కొట్టేసరికి పాళి యాళ్ల దాటిపోయింది.

ఇంకో బండి మాట్లాడుదామంటే పెండ్లిళ్ల వారం. ఉన్నయి అన్ని పోయినయి. భాయి దవాఖానకు ఫోన్ చేసిండు. "రేపు పొద్దుగాల ఆరున్నరకు ఒకరి జాగ ఖాళీ ఉందంట. గా పాళి తప్పితే ఇంక రెండు దినాల దాంక లేదంట భాబీ."

ఇంట్లకు పోయి వదినె కాలు ఒత్తిన. గుంట పడ్డది. నేను ఐదు అంకెలు లెక్కపెట్టిన. పది లెక్కపెట్టిన. అట్లనే ఉంది. ఆమె పండుకోలేక గోడకు ఆనుకొని కూసున్నది. మాట నడుమ ఊపిరి తీస్కుంటుంది.

"రేపు లేస్తదా?" అని అడిగింది.

"లేస్తది" అన్న.

శంకరంపేట తొవ్వల ఒక ముసలి మేస్త్రి ఉన్నడు. డీజిల్ బండ్లు తప్ప ఏం ముట్టడు. భాయి ఆయనను పిలిచిండు. పది గంటలకు ట్రాలీ ఆటోల వచ్చిండు. మోరి కాడ ఉన్న బండి బానెట్ లేపి, ఏ సామాను ముట్టకుంట, మొదలు ఆ చేతి పంపునే బొటనవేలుతోని ఒత్తిండు. ఒత్తి నా దిక్కు చూసిండు.

"అమ్మా, జర నీ ఏలు పెట్టు దీని మీద."

పెట్టిన. మెత్తగ పోయింది. పుస్... పుస్... కింద ఏం లేనట్టు.

"మెత్తగుందా? డీజిల్ ఉంటే రాయి తీరుగ ఉండాలె. ఎయిర్ పట్టింది." 

ఆయన నలభై సార్లు ఒత్తిండు. ఒత్తంగ ఒత్తంగ అది పచ్చి జామకాయ తీరుగ గట్టి పడ్డది. ఆటో బ్యాటరీకెల్లి తీగలేసి సెల్ఫు కొట్టిండు. ఒక్కటే చుట్టు. లేసింది. భాయి నెత్తి కొట్టుకున్నడు. ఫిల్టర్ మార్చిన దినం తను చేసింది కూడ గదే, పంపు ఒత్తుడు. ఫిల్టర్ తోని బాగైందనుకున్నడు.

మేస్త్రి పంపుకు పోయే పైపు తీసి, దాని జాగల తెల్లటి ప్లాస్టిక్ గొట్టం పెట్టి చూపిచ్చిండు. లోపల డీజిల్ పోతుంది, నడుమ నడుమ సోడా బుడ్డిల లెక్క బుడగలు. బ్యాటరీ ఎక్కేదాంక ఇంజను నడవనిచ్చి, బండిని ఇంటి ముందరికి ఎక్కిచ్చి, రోజు తీరుగనే మూతి ఖిల్లా దిక్కు పెట్టి బందు చేసిండు. "మూడు గంటలు ముట్టకుండ్రి" అన్నడు. పగటీలి రెండు గంటలకు పంపు ఒత్తితే మల్ల పుస్ పుస్.

"డీజిల్ టాంకీ ఎనక, పంపు ముందర. నడుమ పొడుగు పైపు" అన్నడు మేస్త్రి. "గొట్టం నీళ్లల్ల ముంచి, పైన ఏలు మూసి లేపితే నీళ్లు నిలుస్తయి. ఏలు తీస్తే జారుతయి. గట్లనే. పైపుల యాడనో సన్న చిల్లి ఉంది. బండి ఆగినంక గాలి దూరుతుంది, డీజిల్ ఎనకకు టాంకీలకు జారుతుంది. పొద్దుగాలకు పంపు ఖాళీ."

"చిల్లి ఉంటే డీజిల్ కారాలె కద?" అన్నడు భాయి. "కింద సుక్క లేదు."

"కారితే మరక చూపెడ్తది. గాలి దూరితే ఏం చూపెట్టదు. అందుకే ఇది పాడు రోగం." నా దిక్కు తిరిగిండు. "ఎప్పటి సంది అమ్మా? చలి సందా?"

"కాదు. వానకాలం సంది."

"గప్పుడు ఏం మార్చిండ్రు?"

"ఏం మార్చలే. బండి మూతి తిప్పినం."

నా నోటికెల్లి గా మాట వచ్చినంక ఇగ ఆగకుంట చెప్పిన. ఆయన ఉండంగ దినాం మూతి పల్లానికి పెడుతుండె అని. గప్పుడు మరక ఉండె అని. తిప్పిన తెల్లారి సంది మరక లేదు, చుట్లు ఎక్కువైనయి అని. అన్ని దినాలు నా చీపురు కిందనే ఉన్న ముచ్చట.

మేస్త్రి నిలబడి విన్నడు. "మరక ఏ జాగల?"

పోయి కాలుతోని చూపిచ్చిన. ముగ్గు తుడిస్తే కింద నల్ల మచ్చ ఇంక ఉంది. గుండ్లు పెట్టే గుంతలు కూడ ఉన్నయి. భాయి మల్ల పంపు ఒత్తి లేపి, బండి మలిపి తెచ్చి, పాత తీరుగ, పాత గుంతల గుండ్లు పెట్టి ఆపిండు. మేస్త్రి బ్యాటరీ లైటు పట్టుకొని కిందికి దూరి, మచ్చ మీద ఈపు పెట్టి పండుకొని సక్కగ పైకి చూసిండు.

లైటు పైపు పొంటి జరిగి జరిగి ఒక్క కాడ ఆగింది.

"అమ్మా, ఇంటాయన పనిమంతుడే" అన్నడు లోపలికెల్లి.

నన్ను వంగి చూడుమన్నడు. టాంకీ నుంచి వచ్చే ఇనుప పైపు మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద రాగి తీగతోని కట్టు కట్టి ఉంది. తీగ మూడు చుట్లు, నడుమలకెల్లి ఒక మడత, కొస లోపలికి దోపుడు. మా బక్కెటు చెవికి, దర్వాజ గొళ్లానికి, బట్టల తీగకు ఆయన కట్టిన కట్టే. లోకంల ఇంకెవరు గట్ల కట్టరు. ట్యూబు ఎండి పగుళ్లు వచ్చింది.

"మూతి పల్లానికి ఉంటే టాంకీ ఎత్తుల ఉంటది" అన్నడు మేస్త్రి. "డీజిల్ పంపు మీదికే ఒరిగి ఉంటది. చిల్లిలకెల్లి బొట్టు బయటికి కారుతది గని గాలి లోపలికి రాదు. మూతి ఎత్తుకు పెడితే అంత ఉల్టా. ఆయనకు మొత్తం ఎరుకే."

"ఎరుకైతే బాగు చేపియ్యొద్దా!" అన్న. అంటుంటే గొంతు అరిచినట్టే వచ్చింది.

"పైపు మొత్తం మార్చాలె. టాంకీ దించాలె. మూడు దినాలు బండి పండవెట్టాలె."

మూడు దినాలంటే వదినె పాళి ఒకటి పోవాలె. గందుకే కట్టు కట్టిండు. గందుకే దినాం బారాత్ తీసిండు. ఎవరికి చెప్పకపాయె. చెప్తే అక్క బండి ఎక్కనంటదని చెప్పలేదో, నేను లొల్లి చేస్తనని చెప్పలేదో. నాకు ఏడుపు రాలే. కోపం వచ్చింది.

"ఇప్పుడు జర రబ్బరు పైపు ఏసి రేపటి మటుకు నడిపియ్యరాదా?" అని భాయి అడిగిండు.

మేస్త్రి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నడు. "ట్యూబు కింద ఇనుము తిని ఉంది. ఆ కట్టు ఇప్పితే పైపు చేతికి వస్తది. అప్పుడు రేపు బండే లేదు. ఎత్తుకు పెడితే రేపు పంపు ఎంత ఒత్తినా డీజిల్ అందుతదని నేను చెప్పలేను. ముట్టకుండ్రి. ఇట్లనే, మూతి పల్లానికి పెట్టి ఉంచుండ్రి. రేపు పోయి రాండ్రి, తర్వాత నా దగ్గరికి తెండ్రి."

ఇట్లనే అంటే దక్షిణం.

వదినె కిటికీలకెల్లి అంత విన్నది. నేను లోపలికి పోంగనే అన్నది, "తిప్పియ్యి."

"వదినె, నీ తమ్ముడు దినాం గట్లనే పెడుతుండె. రెండు మూడేండ్లు."

"అందుకే పోయిండు."

గా మాటకు ఏ మేస్త్రి దగ్గర జవాబుంటది?

"నేను ఎక్క" అన్నది. ఊపిరి తీసుకున్నది. "దక్షిణం మూతి బండి... నేను ఎక్క. పోతే ఇక్కడనే పోత."

"నువ్వు తిప్పిచ్చినంకనే గద వదినె..." అని సగం దాంక అన్న. ఆమె కాళ్ల దిక్కు చూసి మిగతా సగం మింగిన. పట్టీల జాగ పూడిపోయి, కాలు ఒక్క తీరుగ గుంజ లెక్క ఉంది. ఆమె నమ్మకం ఆమె ఊపిరి కంటె గట్టిగుంది. వాదిస్తే ఆ ఉన్న ఊపిరి కూడ ఖర్చయితది.

వాకిట్లకు వచ్చిన. భాయి తాళం చేతుల పట్టుకొని నిలబడ్డడు. "ఏమన్నది అక్క? తిప్పాల్నా?"

"ముట్టకు" అన్న.

"భాబీ, రేపు ఏమన్న అయితే నీ మీదికే వస్తది. అందరు నిన్నే అంటరు."

"ముట్టకు భాయ్."

ఆ రాత్రి ఆమె కూసునే ఉంది. నేను ఆమె పక్కనే. తెల్లారుజామున లేసి మొదలు కాలు ఒత్తిన. గుంట పడి, పడ్డట్టే ఉంది. దాన్ని చూసుకుంట నిలబడితే కాదని బయటికి పోయి, భాయి బానెట్ లేపి ఉంచితే పంపు మీద బొటనవేలు పెట్టిన. చలికి ఇనుము కరుస్తుంది. ఒత్తిన. పోలే. రాయి తీరుగ ఉంది. గుండు పక్కన చూసిన. చీకట్ల తడి మెరిసింది, రూపాయి బిళ్లంత. ఎన్నడు లేని తీరుగ ఆ మరకను చూసి నాకు పానం లేసొచ్చింది.

వదినెను రెక్క పట్టుకొని గల్మ దాంక తెచ్చిన. ఆమె ఆడ ఆగింది. బండి మూతి చూసింది. నా మొకం చూసింది.

"తిప్పియ్యలే నువ్వు."

"లే."

"పాపం నీదే."

"నాదే. ఎక్కు."

భాయి తాళం తిప్పిండు. ఎర్ర లైటు వెలిగింది. ఆరింది. నేను వదినె చెయ్యి పట్టుకొని ఉన్న. ఆమె బొటనవేలు ఏలి కణుపు మీదికి వచ్చింది. కుర్... ఒకటి. కుర్... రెండో కణుపు మీద ఆమె ఏలు ఆగింది. బండి భగ్గుమని లేసింది.

ఆమె కొంచెం సేపు ఆ చప్పుడు విన్నది. "వాడున్నప్పుడు గిట్లనే ఉండె" అన్నది మెల్లగ. తర్వాత ఆమెనే కాలు ముందుకు పెట్టింది.

ఆ దినం మిషిన్ మీద చాన సేపు ఉంచిండ్రు. వచ్చేటప్పుడు ఎనక సీట్ల ఒరిగి గుర్రు పెట్టి నిద్ర పోయింది. మనోహరాబాద్ దిక్కు రైలు పట్టాల మీద బండి ఎగిరినా లేవలే. తర్వాత మేస్త్రి టాంకీ దించి, కొస నుంచి కొస దాంక కొత్త పైపు ఏసిండు. ఆ మూడు దినాలు భాయి తన దోస్తు బండిని రెండు దినాల ముందే చెప్పి ఆపిచ్చిండు. పాత పైపు ముక్క, రాగి తీగ కట్టుతోనే నేను అడిగి తెచ్చుకున్న. ఇప్పుడు బండి ఎటు మూతి పెట్టినా లేస్తది. వాకిట్ల మరక పడదు.

"బాగైంది కద, ఇగనన్న ఉత్తరం పెట్టియ్యి" అంటది వదినె. నేను వినను. ఇప్పటికి బండి పల్లానికే ఉంటది. దినాం మూతి ఎటున్నదని ఆమె అడుగుతది. దినాం నేను చెప్త. నా మీద ఆ కోపం ఆమెకు పోలే. పోకున్నా మంచిదే, కోపం చెయ్యనీకన్న ఊపిరి ఉండాలె కద.

ఇయ్యాల పొద్దుగాల కూడ ముందుగాల పంపు చూసిన. కొత్త పైపు ఏసినంక అవసరం లేదని మేస్త్రి అన్నడు, అయినా ఏలు ఊకోదు. గట్టిగనే ఉంది. మొన్ననే మిషిన్ మీదికెల్లి దిగి వచ్చింది, నడుమ ఒక్క దినమే పోయింది, నీళ్లు కూడ కొలిచే ఇచ్చిన. ఇంట్లకు పోయి వదినె కాలు ఒత్తిన. గుంట పడ్డది. పొయ్యి కాడికి పోయి చాయ్ కాచి, గిలాసల పోసి తెచ్చిన. ఆమె ముందర పెట్టిన. చూస్తే నా బొటనవేలు పడ్డ గుంట ఇంక నిండలే.

"ఎట్లుంది?" అని అడిగింది.

"మంచిగనే ఉంది" అన్న.

బయట భాయి సెల్ఫు కొట్టిండు. రెండో చుట్టుకే అందుకుంది.

"పా వదినె, పోదాం" అన్న.